పెట్‌కి అర్ధరాత్రి ఎమర్జెన్సీ వస్తే ఏం చేయాలి, వెయిటింగ్ రూమ్‌లో ఒంటరిగా మిగిలిపోకుండా ఎలా ఉండాలి

మీ కుక్కో పిల్లో ఇప్పుడు బాగానే ఉండి, తీరిగ్గా ఇది చదువుతున్నారంటే చాలా మంచిది, ఎందుకంటే ఇందులో చెప్పే కొన్ని పనులు అవసరం రాకముందే చేసి పెట్టుకోవాల్సినవి. ఒకవేళ ఇప్పుడే ఏదో అయి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్‌లో ఇది చూస్తుంటే మాత్రం మొదటి రెండు భాగాలు చదివి వెంటనే బయల్దేరండి. మిగతాది అక్కడ కూర్చున్నాక చదవొచ్చు, అక్కడ చాలాసేపే కూర్చోవాల్సి వస్తుంది.

పెట్ ఎమర్జెన్సీ గురించి ఎవరు చెప్పినా జబ్బు గురించే చెప్తారు. అది అవసరమే, నేనూ చెప్తాను. కానీ తలుపు అవతల డాక్టర్ ఏదో చేస్తుంటే ఇవతల చేతులు ముడుచుకుని కూర్చున్న మనిషి ఆ సమయాన్ని ఎలా గడపాలో ఎవరూ చెప్పరు. నిజానికి ఆ గదిలో మీ పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఆ రాత్రి మీకు దొరికే సాయంలో పెద్ద భాగం. వాళ్లెవరో మీకు తెలియదు, మీరెవరో వాళ్లకి తెలియదు, అయినా "కుక్కే కదా, ఎందుకంత టెన్షన్" అనని మనుషులు వాళ్లు. ఈ ఆదరణ ఏదో అదృష్టం కొద్దీ దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ అది మన దగ్గరికి రావడానికి, మన నుంచి ఇంకొకరికి వెళ్లడానికి మనం చేయగలిగినవి చాలానే ఉన్నాయి, అవి కూడా చిన్న చిన్న పనులే.

1. ముందు, వెళ్లాలా పొద్దున దాకా ఆగాలా అన్నది తేల్చుకోండి

అనుమానంగా ఉంటే ఫోన్ చేసి అడగండి, ఇదే అసలు నియమం. అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే అడగడానికి కూడా ఆగకుండా బయల్దేరి, దారిలో ఫోన్ చేయాలి.

ఊపిరి సంగతి మొదట చూడండి. కుక్క నోరు తెరిచి వగర్చడం మామూలే, పిల్లి అలా నోరు తెరిచి ఆయాసపడుతోందంటే మాత్రం అది ప్రమాదమే. తర్వాత చిగుళ్లు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. రాకపోయినా, చిగుళ్లు మొత్తం తెల్లగానో నీలంగానో బూడిద రంగులోనో ఉన్నా రక్తప్రసరణలోనో ఊపిరిలోనో తేడా వచ్చిందని అర్థం. కొన్ని కుక్కలకి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అలాంటప్పుడు కింది కనురెప్ప లోపలి వైపు చూడండి. ఈ పరీక్ష ఈరోజే, అది బాగున్నప్పుడే, ఒకసారి చేసి చూసుకోండి. మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా వచ్చినప్పుడు తెలుస్తుంది.

మగపిల్లి లిట్టర్ బాక్స్‌లోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతూ కూర్చుని, చుక్క మూత్రం రాకుండానే బయటికి వస్తుంటే చాలామంది మలబద్ధకం అనుకుని పొద్దున చూద్దాంలే అనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. మూత్రనాళం మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీద పడుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అలాగే లోతైన ఛాతీ ఉండే పెద్ద కుక్కలు, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటివి, పొట్ట ఉబ్బి, వాంతి చేసుకోవాలని పదే పదే ప్రయత్నిస్తున్నా ఏమీ బయటికి రాకపోతే కడుపు మెలిపడి ఉండొచ్చు. దానికి ఆపరేషన్ తప్ప ఇంట్లో చేసేదేమీ లేదు, ప్రతి నిమిషమూ లెక్కే.

ఫిట్స్ వస్తే ముందు గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ మళ్లీ వచ్చినా ఎమర్జెన్సీ. నోట్లో వేలు గానీ చెంచా గానీ పెట్టొద్దు, నాలుక మింగేస్తుందన్నది ఉత్తమాట, మీ వేలు మాత్రం నలిగిపోతుంది. చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, వీలైతే వీడియో తీయండి. డాక్టర్ దగ్గరికి చేరేసరికి అది మామూలుగా అయిపోయి ఉండొచ్చు, అప్పుడు మీరు నోటితో చెప్పేదానికంటే ఆ వీడియో ఎక్కువ చెప్తుంది.

తినకూడనిది తింటే లక్షణాలు కనిపించేదాకా ఆగకండి. కుక్కలకి చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ ప్రమాదం. పిల్లులకి లిల్లీ పువ్వు మీది పుప్పొడి కూడా కిడ్నీలని పాడుచేస్తుంది, మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా చంపగలదు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం ఎలుకల మందు తింటే అసలు లక్షణాలు కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడవు, ఈలోగా అది హాయిగా ఆడుకుంటూనే ఉంటుంది. ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించడం లాంటి సొంత వైద్యాలు వద్దు. తిన్నదాని ప్యాకెట్ జేబులో వేసుకుని బయల్దేరండి.

వెంటనే బయల్దేరాలన్నదానికి వడదెబ్బ ఒక్కటే మినహాయింపు. అందులో ముందు చల్లబరచి తర్వాత తీసుకెళ్లాలి. ఒంటి మీద మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి, కారులో ఏసీ వేయండి. కుక్కలకి మామూలు ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, అంటే మనకంటే ఎక్కువే, కాబట్టి చెయ్యి పెట్టి చూసి వేడిగా ఉందని కంగారు పడొద్దు, థర్మామీటర్ నమ్మండి.

2. బయల్దేరే ముందు ఫోన్ చేయండి, ఇంకొక మనిషిని లేపండి

ఆస్పత్రికి ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పండి: ఏ జంతువు, ఎంత బరువు, ఏం జరిగింది. వాళ్లు తెరిచి ఉన్నారో లేదో, డాక్టర్ ఉన్నారో లేదో తెలుస్తుంది. చేరేసరికి ఆక్సిజన్ సిద్ధంగా పెట్టుకుంటారు, లేదా తమ దగ్గర అది కుదరదని, ఫలానా చోటికి వెళ్లమని అప్పుడే చెప్పేస్తారు, దారిలో పోయే సమయం కలిసొస్తుంది. కుక్కపిల్లకి వాంతులు, రక్తంతో విరేచనాలు ఉంటే ఆ మాట ఫోన్‌లోనే చెప్పాలి, అది పార్వో, అంటే కుక్కల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి తేలిగ్గా అంటుకునే వైరస్ జబ్బు, అయి ఉండొచ్చు, అలాంటప్పుడు పిలిచేదాకా బయటే ఉండమంటారు.

తర్వాత, ఎంత రాత్రయినా సరే, పక్కింటివాళ్లనో స్నేహితులనో లేపండి. "అర్ధరాత్రి కుక్క కోసం లేపితే ఏమనుకుంటారో" అనే ఆ మొహమాటం దగ్గరే చాలామంది ఆగిపోయి ఒంటరిగా బండి తీస్తారు. ఒకరు నడపాలి, ఇంకొకరు వెనక కూర్చుని ఊపిరి చూస్తుండాలి, ఇది ఇద్దరు మనుషుల పని. కంగారులో ఉన్న మనిషి, పక్కసీట్లో మూలిగే కుక్కని చూస్తూ బండి నడపడం మీకూ మంచిది కాదు, రోడ్డు మీద వెళ్లేవాళ్లకీ మంచిది కాదు. లేపితే విసుక్కుంటారనుకున్న మనిషే చొక్కా గుండీలు పెట్టుకుంటూ మీకంటే ముందు మెట్లు దిగడం మీరు చూస్తారు. సాయం అడగడం వాళ్లని నమ్మడమే అవుతుంది, మనుషులు ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవాలనే చూస్తారు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, ఆగిందా లేదా అని తీసి చూడొద్దు, గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టండి. దెబ్బ తగిలిన కుక్కని చెక్క మీదో, నలుగురూ కొసలు పట్టుకున్న దళసరి దుప్పటి మీదో కదలకుండా మోయండి. ఎంత సాధువైన జంతువైనా నొప్పిలో కరుస్తుంది, మూతికి మెత్తటి గుడ్డ కట్టొచ్చు, కానీ ఆయాసం గానీ వాంతులు గానీ ఉంటే కట్టకూడదు. కరిస్తే గాయాన్ని సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, మీరూ డాక్టర్‌కి చూపించుకోండి, ఇందులో నిర్లక్ష్యం పనికిరాదు. మత్తు ఇవ్వాల్సి రావొచ్చు కాబట్టి బయల్దేరే ముందు తిండి పెట్టొద్దు.

తీసుకెళ్లాల్సినవి: పాత చీటీలు, టీకాల పుస్తకం, వాడుతున్న మందులు, ఒక పాత తువ్వాలు, ఫోన్ ఛార్జర్. వీలైతే రెండు తువ్వాళ్లు, రెండోది ఎందుకో కింద చెప్తాను.

3. తలుపు దగ్గర

లోపలికి వెళ్లగానే కథంతా మొదట్నుంచి చెప్పకండి, ఒక్క వాక్యం చాలు: "మగపిల్లి, సాయంత్రం నుంచి మూత్రం రావట్లేదు" లేదా "ఊపిరి ఆడట్లేదు, అరగంట అయింది". మిగతాది వాళ్లే అడుగుతారు. అక్కడ వచ్చిన వరుసలో చూడరు, ఎవరికి ప్రాణాపాయం ఎక్కువుందో వాళ్లని ముందు చూస్తారు. మీ తర్వాత వచ్చిన కుక్కని లోపలికి తీసుకెళ్లి మిమ్మల్ని కూర్చోమన్నారంటే, చూసినవాళ్లకి మీది కాస్త ఆగగలదనిపించిందన్నమాట. ఒక్కోసారి ఇంతకంటే మంచి వార్త ఆ రాత్రికి ఉండదు. అయితే కూర్చున్నాక పరిస్థితి మారితే, ఊపిరి వేగం పెరిగినా, కూలబడిపోయినా, వెంటనే లేచి గట్టిగా చెప్పండి, అక్కడ మర్యాద కోసం మౌనంగా ఉండక్కర్లేదు.

4. కూర్చునే చోటు ముఖ్యం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ గదిలో మీరు మొదట ఇవ్వగలిగిన మంచితనం ఇదే. కుక్క లీష్ దగ్గరగా పట్టుకోండి, తాడు చేతికి ఒక చుట్టు చుట్టుకోండి. పిల్లి క్యారియర్ నేల మీద పెట్టొద్దు, కుర్చీ మీదో ఒళ్లోనో పెట్టి, కుక్కలు కనిపించకుండా మీద తువ్వాలు కప్పండి. కుక్కలు ఒకదాన్నొకటి మూతి తాకించుకోకుండా చూడండి, అవి ఎందుకొచ్చాయో మీకు తెలియదు, పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతకగలదు. పక్కవాళ్ల జంతువుని ముట్టుకునే ముందు వాళ్లని అడగండి, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. "మాది అస్సలు కరవదండీ" అని ఎవరన్నా, ఆ రాత్రికి ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, ఆ జంతువే ఈ రాత్రి మామూలుగా లేదు.

ఇవన్నీ చూసుకుంటే చుట్టుపక్కలవాళ్లు బిగుసుకుపోయి కూర్చోరు. తమ పెట్‌కి మీ పెట్ వల్ల భయం లేదని తెలిశాకే మనుషులు మీ ముఖంలోకి చూసి మాట్లాడతారు.

5. మాట ఎలా కలపాలి

ముందు ఒక సంగతి. 1959లో స్టాన్లీ షాక్టర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం గురించి రాశారు. కొందరు విద్యార్థినులకి మీకు కరెంట్ షాక్ ఇస్తామని చెప్పి భయపెట్టి (నిజంగా ఇవ్వలేదు), ఈలోగా ఒంటరిగా కూర్చుంటారా, ఇతరులతో కూర్చుంటారా అని అడిగారు. బాగా భయపడ్డవాళ్లలో ఎక్కువమంది ఇతరులతోనే ఉంటామన్నారు. ఇంకాస్త లోతుగా చూస్తే, వాళ్లు కోరుకున్నది ఎవరో ఒకరి తోడు కూడా కాదు, అదే షాక్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ల తోడు. వేరే పని మీద వచ్చినవాళ్లతో కూర్చోవడానికి వాళ్లు ఆసక్తి చూపలేదు. అంటే వెయిటింగ్ రూమ్‌లో పక్క కుర్చీలోని మనిషితో మాట్లాడాలని మీకనిపిస్తే అది బలహీనత కాదు. వాళ్లకీ సరిగ్గా అదే అనిపిస్తూ ఉండొచ్చు, మొదలుపెట్టే మనిషి కోసం చూస్తూ ఉంటారంతే.

మొదటి ప్రశ్న "ఏమైంది?" అని వద్దు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే జరిగిందంతా మళ్లీ చూడాలి, కొందరికి గొంతు పెగలదు. పేరు అడగండి. "దీని పేరేంటండీ?" చాలు. పేరు చెప్పేటప్పుడు ఎంత ఏడుస్తున్న మనిషి ముఖమైనా ఒక్క క్షణం మామూలవుతుంది, అదెందుకు పెట్టారో కూడా చెప్పేస్తారు, అడగకపోయినా. వాళ్లు ఒక్క ముక్కలో జవాబిచ్చి తల తిప్పుకుంటే అక్కడితో ఆపేయండి, కోపం తెచ్చుకోవద్దు, కొందరికి మౌనంగా ఉంటేనే ధైర్యం. అలాంటివాళ్ల పక్కన ఊరికే కూర్చోవడం కూడా తోడే.

మా పిల్లి కిట్టుకి మూత్రం ఆగిపోయిన రాత్రి నేను ఏసీ కిందున్న కుర్చీలో కూర్చున్నాను, అది గమనించే స్థితిలో కూడా లేను. ఎదురుగా ఒకావిడ, ఆవిడ కాళ్ల దగ్గర ముందు పాదానికి కట్టుతో ఒక ముసలి కుక్క. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వచ్చి, "వాడి పేరేంటమ్మా?" అని అడిగి, జవాబు వినేలోపే తన కుక్క కింద పరిచిన దుప్పటి మడతల్లోంచి పొడిగా ఉన్న తువ్వాలొకటి లాగి క్యారియర్ మీద గాలి తగిలే వైపు వేలాడదీసింది, అంచు జారకుండా హ్యాండిల్‌కి ముడి వేసింది. తువ్వాలంతా తెల్లటి కుక్క వెంట్రుకలు. లోపల కిట్టు ఆ వాసనకి ముక్కు ఎగబీల్చి, ముడుచుకున్నవాడు కాస్త కాళ్లు చాపాడు. ఆవిడ తిరిగి వెళ్లి కూర్చోకుండా నా పక్క కుర్చీలోకే కుక్కని మెల్లగా నడిపించుకుంటూ వచ్చింది. చివర్లో కూర్చున్న కుర్రాడు, అట్టపెట్టెలో కుందేలుతో వచ్చినవాడు, అప్పటిదాకా ఫోన్‌లోంచి తలెత్తనివాడు, పెట్టె పట్టుకుని ఒక్కో కుర్చీ జరుగుతూ మా వరుసలోకి వచ్చేశాడు. అతని ఫోన్ ఛార్జింగ్ అయిపోవస్తోంది, నా దగ్గర ఛార్జర్ ఉంది. అలా మొదలైంది. డాక్టర్ నన్ను పిలిచినప్పుడు వాళ్లిద్దరూ లేచి నిలబడ్డారు, ఎందుకో వాళ్లకీ తెలియదు.

రెండో తువ్వాలు తీసుకెళ్లమన్నది అందుకే.

అడిగేటప్పుడు చిన్న పని అడగండి. "కాస్త తోడుండండి" అని అడగడం కష్టం, అవతలివాళ్లకి ఏం చేయాలో కూడా తెలియదు. "వాష్‌రూమ్‌కి వెళ్లొస్తాను, ఈ క్యారియర్ కాస్త చూస్తారా?" అంటే ఎవరూ కాదనరు. తిరిగొచ్చాక మీరిద్దరూ పరాయివాళ్లు కారు. ఒక్క జాగ్రత్త, నొప్పిలో ఉన్న కుక్క లీష్ మాత్రం కొత్తవాళ్ల చేతికి ఇవ్వకండి, సంతకం పెట్టాల్సిన ఫారమే మీ దగ్గరికి తెమ్మని రిసెప్షన్‌లో అడగండి.

ఇచ్చేటప్పుడూ అంతే. "ఏమన్నా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు, మనమైనా చెప్పం. "మంచినీళ్లు తెచ్చుకోవడానికి వెళ్తున్నాను, మీకూ ఒక సీసా తెస్తాను" అంటే తల ఊపుతారు. పిల్లలతో వచ్చినవాళ్లుంటే పిల్లల్ని పలకరించండి, ఆ గదిలో అందరికంటే ఎక్కువ భయపడేది వాళ్లే, ఎవరూ ఏమీ చెప్పనిదీ వాళ్లకే.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి, మంచి మనసుతో అన్నా గుచ్చుకుంటాయి. "ఇంకాస్త ముందే తీసుకురావాల్సింది" అని మీరు చెప్పక్కర్లేదు, వాళ్లు దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చి ఉంటారు. "మా కుక్కకీ సరిగ్గా ఇలాగే అయింది, రెండ్రోజుల్లో పోయింది" అనే కథ ఎంత నిజమైనా ఆ రాత్రి వద్దు. మందులు చెప్పొద్దు, మీ బ్యాగ్‌లో మిగిలిన మాత్రలు ఇవ్వొద్దు, కుక్కకి పనిచేసే మందు పిల్లిని చంపగలదు. "ఏం కాదు, తగ్గిపోతుంది" అనడం కూడా నాకు నచ్చదు, మనకి తెలియని మాట అది, అవతలివాళ్లకీ అది తెలుసు. "తీసుకొచ్చి మంచి పని చేశారు" అనండి. అది మాత్రం మీకు ఖాయంగా తెలిసిన నిజం.

తలుపు వెనక పనిచేస్తున్నవాళ్లు కూడా ఈ రాత్రిలో భాగమే. ఒక్క డాక్టర్, ఒకరిద్దరు సహాయకులు, లోపల ఒకేసారి రెండు ప్రాణాలు. మాటిమాటికీ తలుపు కొట్టే బదులు "నేను ఎంతసేపటికొకసారి అడగొచ్చు?" అని ఒకసారి అడిగేయండి, జవాబు వస్తుంది, మీకూ ఒక ఆధారం దొరుకుతుంది. ఆ కబురు పక్కవాళ్లకీ చెప్పండి, లోపల ఆపరేషన్ జరుగుతోందని తెలిస్తే గది మొత్తం కాస్త కుదుటపడుతుంది.

6. డాక్టర్ పిలిచినప్పుడు

కంగారులో విన్నదాంట్లో సగం గుర్తుండదు, అది అందరికీ అంతే. తోడొచ్చిన మనిషిని లోపలికి తీసుకెళ్లండి. ఒక్కరే వచ్చి ఉంటే, బయట పరిచయమైనవాళ్లలో మీకు నమ్మకం కుదిరిన మనిషిని "కాస్త నాతో వచ్చి వింటారా?" అని అడగడంలో తప్పేమీ లేదు, డాక్టర్‌కి చెప్పండి చాలు. వాళ్లకి మీ కుక్క మీద మీకున్నంత భయం ఉండదు కాబట్టి మాటలు సరిగ్గా వింటారు. డాక్టర్ ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చేసుకోవచ్చు కూడా.

ఇవి అడగండి: ఇప్పుడు ప్రాణాపాయం ఉందా? ఈ రాత్రే తప్పకుండా చేయాల్సినవి ఏవి, రేపటిదాకా ఆగగలిగినవి ఏవి? చేయకపోతే ఏమవుతుంది? ఖర్చు అంచనా కాగితం మీద ఇస్తారా? డబ్బు గురించి అడగడానికి సిగ్గుపడొద్దు, ఎంత పెట్టగలరో నిజం చెప్తే దాంట్లో ఏది ముందు చేయాలో డాక్టర్ చెప్పగలరు. పక్క కుర్చీలో ఎవరైనా ఆ కాగితం చూస్తూ బిగుసుకుపోతే తొంగి చూడకండి, "ముందు ఏ పరీక్ష చాలో డాక్టర్‌ని అడగొచ్చండీ" అని మెల్లగా ఒక మాట చెప్పండి.

ఒక కష్టమైన ప్రశ్న కూడా వస్తుంది, గుండె ఆగితే మళ్లీ కొట్టుకునేలా ప్రయత్నించమంటారా అని. సీరియస్‌గా ఉన్నా లేకున్నా చేర్చుకునే ముందు చాలాచోట్ల అందరినీ అడుగుతారు, అడిగారంటే చనిపోతుందని అర్థం కాదు. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకుని ఉంటే ఆ క్షణం కొంత తేలికవుతుంది.

7. ఎవరికైనా చెడువార్త వస్తే

ఖాళీ లీష్ పట్టుకుని ఒక మనిషి బయటికి వస్తాడు. గది అంతా చూపు తిప్పుకుంటుంది, ఏమనాలో తెలియక. మీరు తిప్పుకోకండి. చుట్టూ మూగొద్దు కూడా. దారి ఇవ్వండి, మీ కుక్కని కాస్త పక్కకి జరపండి, అంతకుముందు పేరు తెలుసుకున్నారు కాబట్టి ఆ పేరుతోనే ఒక్క మాట అనండి: "రాజా చాలా మంచోడండీ." ఆ పేరు ఇంకొకరి నోట వినడం వాళ్లకి ఎంత అవసరమో చెప్పలేను. తర్వాత పనికొచ్చే ప్రశ్న ఒకటి అడగండి, "ఇంటికి ఎలా వెళ్తున్నారు?" అని. ఆ స్థితిలో బండి నడపకూడదు. ఇంట్లోవాళ్లకి ఫోన్ చేయించండి, వచ్చేదాకా పక్కన ఉండండి. బిల్లు కౌంటర్ దగ్గర మీ వంతు ముందుంటే వాళ్లని వెళ్లనివ్వండి.

1989లో కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు, చుట్టూ ఉన్న సమాజం దుఃఖంగా లెక్కలోకి తీసుకోని దుఃఖం గురించి రాశారు. బయటికి చెప్పుకోవడానికి వీల్లేని, సెలవు దొరకని, పరామర్శకి ఎవరూ రాని బాధ. పెంపుడు జంతువు పోవడం అలాంటిదే. మర్నాడు ఆ మనిషి పనికి వెళ్తాడు, అక్కడ ఎవరికీ తెలియదు, తెలిసినా "ఇంకోటి తెచ్చుకోరాదూ" అంటారు. అందుకే వెయిటింగ్ రూమ్‌లో అపరిచితుడు అన్న ఆ ఒక్క మాట ఆ మనిషికి దొరికే మొత్తం పరామర్శ కావొచ్చు.

ఆ వార్త మీకే వస్తే, తొందరపడక్కర్లేదు. దానితో కాసేపు ఉండనివ్వమని అడగొచ్చు, ఉండనిస్తారు. తర్వాత ఏం చేయాలో ఆ నిమిషమే తేల్చమని ఎవరైనా అడిగితే కాసేపు టైమ్ కావాలనండి. బయట మీతో కూర్చున్న మనిషి ఇంకా అక్కడే ఉంటే వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. మీరు ఏడుస్తుంటే ఆ గదిలో ఎవరూ వింతగా చూడరు.

8. ఇంటికొచ్చాక

నంబర్లు మార్చుకుంటే మర్నాడు చిన్న మెసేజ్ పెట్టండి: "కిట్టుకి పైపు వేశారు, మూత్రం వస్తోంది. మీ వాడెలా ఉన్నాడు?" మీ కబురు ముందు చెప్పి తర్వాత అడగండి. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ అడగొద్దు, చెప్పలేని కబురు అయి ఉండొచ్చు, ఎప్పుడో వాళ్లే రాస్తారు.

ఇంట్లో రెండు పిల్లులుంటే, ఆస్పత్రి నుంచి వచ్చినదాన్ని చూసి రెండోది బుస్సుమంటుంది, మీద పడుతుంది కూడా. ఆస్పత్రి వాసన వల్ల గుర్తుపట్టదు. కొన్ని గంటలో ఒకరోజో వేరే గదిలో ఉంచి, ఇంటి వాసన పట్టాక కలపండి.

ఇక చివరిది, మీ జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయాల్సింది. కుక్కలు, పిల్లులు కూడా రక్తం ఇవ్వగలవు, కొన్ని ఎమర్జెన్సీల్లో రక్తం దొరక్క ప్రాణాలు పోతాయి. సాధారణంగా 25 కిలోలకి పైబడిన, ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు వయసున్న, టీకాలన్నీ వేయించిన ఆరోగ్యమైన కుక్కని దాతగా తీసుకుంటారు, ఒకసారికి సుమారు 450 మిల్లీలీటర్లు. పిల్లుల దగ్గర చాలా తక్కువ, 50 మిల్లీలీటర్ల దాకా తీస్తారు, దానికీ ఎక్కువసార్లు మత్తు అవసరమవుతుంది కాబట్టి అన్నీ ఆలోచించుకుని ఒప్పుకోండి. పిల్లుల్లో ఎ, బి, ఎబి అనే గ్రూపులుంటాయి, గ్రూపు కలవకుండా ఎక్కిస్తే మొదటిసారే ప్రాణం మీదికి రావొచ్చు, కాబట్టి మీ పిల్లి గ్రూపు ముందే తెలుసుకుని దాని చీటీ మీద రాయించి ఉంచడం మీకూ పనికొస్తుంది. దాతల పేర్లు రాసుకునే ఏర్పాటు మీ వెట్ దగ్గర ఉందో లేదో ఈసారి టీకాకి వెళ్లినప్పుడు అడగండి, లేకపోతే మీ నంబరే మొదటిదిగా రాసుకోమనండి.